అద్దంలో లేని ఆవిడ

జోసెఫిన్‌కు భయపడటం ఇష్టం. దెయ్యాలంటే మాత్రం గిట్టదు. ఈ రెండింటి నడుమ ఉన్న సన్నని గట్టు మీద కామేశ్వరి కొన్నేళ్ళుగా జాగ్రత్తగా నడుస్తూ వచ్చింది.

శనివారం మధ్యాహ్నం భోజనాలయ్యాక ఆమె తమ ఇంటికి తాళం వేసి, చర్చి వెనక వీధిలో ఉన్న జోసెఫిన్ ఇంటికి వెళ్ళేది. ఇద్దరూ కిటికీలకు దుప్పట్లు కట్టి గదిని చీకటి చేసేవారు. టీవీకి ఎదురుగా ఉన్న దివాను మీద పక్కపక్కన కూర్చునేవారు. అప్పుడు జోసెఫిన్ రిమోటు చేతిలో పట్టుకుని అడిగేది.

"వంశీ ఏమన్నాడే?"

"పర్లేదు."

ఆ ఒక్క మాట విన్నాకే ఆమె సినిమా మొదలుపెట్టేది.

వంశీ కామేశ్వరి అన్నకొడుకు. కాకినాడలో ఉంటాడు, వచ్చిన ప్రతి సినిమా చూస్తాడు. మొదట్లో ఆమె నిజంగానే అతన్ని అడిగేది. ఒకసారి అతను "సస్పెన్సే అత్తా, దెయ్యం గియ్యం ఏం లేదు" అన్నాడు. తీరా చివర్లో అటక మీంచి ఒక ముసలమ్మ పాకుతూ దిగింది. ఆ తరవాత చాలా రోజులు జోసెఫిన్ లైటు ఆర్పకుండా పడుకుంది. ఎందుకంత భయమని కామేశ్వరి అడిగితే ఆమె చెప్పిన జవాబు ఇప్పటికీ చెవిలోనే ఉంది.

"మా అమ్మ పోయింది, తమ్ముడు పోయాడు. సమాధుల పండక్కి బంతిపూలూ కొవ్వొత్తులూ పట్టుకెళ్ళి వాళ్ళ దగ్గర కూర్చుంటాను కదా నేను. చచ్చిపోయినోళ్ళు అలా పాక్కుంటా వస్తారని చూపిస్తే ఇంక అక్కడెలా కూర్చోనే? దొంగని చూపించమను, హంతకుణ్ణి చూపించమను, తలుపెనకాల ఎవడున్నాడో చెప్పకుండా ఏడిపించమను. చూస్తాను. ఏం చేసినా బతికున్నోళ్ళే చెయ్యాలి."

ఆ రోజుతో కామేశ్వరి వంశీని నమ్మడం మానేసింది. శుక్రవారం ఉదయం భర్త శ్రీనివాసరావు రొయ్యల మేత దుకాణానికి వెళ్ళిపోయాక, భోజనాల బల్ల మీద ట్యాబు నిలబెట్టుకుని, మర్నాటి సినిమాను మొదటినుంచి చివరిదాకా తానే చూసేది. బాగున్నదీ, దెయ్యం లేనిదీ దొరికేదాకా ఒకదాని తరవాత ఒకటి వెతికేది. కానీ ఆ సంగతి జోసెఫిన్‌కు చెప్పలేదు. చెబితే ఆమె ఒప్పుకోదు. ముందే చూసేస్తే ఇంక నీకేం సరదా అంటుంది, మానిపిస్తుంది. అందుకని వంశీ పేరు అలాగే ఉండిపోయింది. అది అబద్ధమని కామేశ్వరికి తెలుసు. ప్రేమ కోసం చెప్పిన అబద్ధాన్ని మనిషి అబద్ధాల్లో జమకట్టుకోడు. ఆమె కూడా జమకట్టుకోలేదు.

శనివారం నాడు హంతకుడు ఎవరో తెలిసి ఆమె కూర్చునేది, తెలియక జోసెఫిన్ కూర్చునేది. మెట్ల మీద అడుగులు వినబడినప్పుడు జోసెఫిన్ ఆమె మణికట్టు పట్టుకునేది. గోళ్ళు దిగేవి. సాయంత్రం చపాతీలు ఒత్తేటప్పుడు ఆ గుర్తులు ఇంకా ఎర్రగా కనబడేవి. ఏ వారమైనా అవి సరిగ్గా పడకపోతే, తాను ఎంచిన సినిమా మంచిది కాదని కామేశ్వరి తెలుసుకునేది.

అలా సాగుతుండగా షారోన్ వచ్చింది.

షారోన్ జోసెఫిన్ ఆఫీసులో కొత్తగా చేరింది. ముప్పై ఏళ్ళు ఉంటాయి. పక్కనున్న అడవిపొలం ఊళ్ళో వాళ్ళ ఇల్లు కట్టుబడిలో ఉందని జోసెఫిన్ మేడ మీది వాటా అద్దెకు తీసుకుంది. అదే వాటాలో ఒకప్పుడు కామేశ్వరి ఉండేది. మేత వ్యాపారం కోసం యానాం వచ్చిన కొత్తలో ఆమె, శ్రీనివాసరావు దిగింది అక్కడే. వంటగది కిటికీ రెక్క సరిగ్గా పడదని, దాని కింద మడత పెట్టిన కాగితం దూర్చాలని ఆమెకు తెలుసు. ఒక సాయంత్రం ఆ కిటికీకి కొత్త గొళ్ళెం కనబడింది. షారోన్ వడ్రంగిని పిలిపించి పెట్టించిందట. అంత చిన్న విషయం మనసులో ఎందుకు గుచ్చుకోవాలో కామేశ్వరికి అర్థం కాలేదు.

షారోన్ జోసెఫిన్‌ను అక్కా అని పిలిచింది. కామేశ్వరిని ఆంటీ అంది. నిజానికి కామేశ్వరిదీ జోసెఫిన్‌దీ ఒకే ఈడు.

"అదేంటమ్మా, ఆవిడ అక్కా నేను ఆంటీనా?" అని కామేశ్వరి నవ్వుతూనే అడిగింది.

"అయ్యో, అక్కంటే ఆఫీసులో అలవాటైపోయిందండి. మీరంటే గౌరవం కదా, ఆయ్."

జోసెఫిన్ పగలబడి నవ్వింది. "గౌరవం దక్కిందే నీకు! నాకు అదీ లేదు."

మొదటి శనివారం షారోన్ కుర్చీలో కూర్చుంది. రెండో వారానికి దివాను మీదికి, జోసెఫిన్‌కు అవతలి పక్కకి వచ్చింది. ఆ మధ్యాహ్నం తెర మీద తాళం దానంతటదే తిరుగుతున్నప్పుడు జోసెఫిన్ చెయ్యి లేచింది, తడుముకుంది, షారోన్ మోచెయ్యి పట్టుకుంది. షారోన్ కూడా కెవ్వుమని ఆమె చెయ్యి పట్టుకుంది. ఇద్దరూ ఒకరినొకరు చూసుకుని నవ్వుకున్నారు. కామేశ్వరి తన చెయ్యిని ఒళ్ళో అలాగే ఉంచుకుంది, ఎవరో తీసుకెళ్తామని చెప్పి మరిచిపోయిన వస్తువులా.

తాళం తిప్పుతున్నది పనిమనిషేనని ఆమెకు ముందే తెలుసు. షారోన్‌కు తెలియదు. ఆ తెలియకపోవడంలో షారోన్ జోసెఫిన్‌తో కలిసి ఉంది. తనకు అక్కడికి దారి లేదు. ఇన్నేళ్ళలో ఈ ఆలోచన ఒక్కసారీ రాలేదు, ఎందుకంటే ఇన్నేళ్ళూ అవతలి పక్క ఖాళీగా ఉంది.

కొన్నాళ్ళకు ఇంకో సంగతి బయటపడింది. శనివారం దుప్పటి కడుతూ జోసెఫిన్ మాటల్లో అంది: "బుధవారం సాయంత్రం షారోనూ నేనూ ఒకటి చూశామే. రైల్లో మనిషి మాయమైపోతాడు. బాగుంది."

కామేశ్వరి దుప్పటి అంచు వదల్లేదు. "మరి వంశీని అడగలేదుగా. అందులో దెయ్యం ఉంటేనో?"

"ఏమో, దేవుడి మీద భారం వేసి చూసేశాం. లేదులే."

"ఉంటే ఏం చేసేదానివి?"

"షారోన్ ఉందిగా. పట్టుకుని అరుద్దును."

కామేశ్వరి దుప్పటి ముడి బిగించింది. తాను అంత కష్టపడి కాపలా కాసిన గుమ్మం దగ్గర అసలు కాపలా అక్కర్లేదని ఇప్పుడు తేలింది. లేక, షారోన్‌తో ఉన్నప్పుడే అక్కర్లేదేమో. ఆ రెండింట్లో ఏది ఎక్కువ బాధో ఆమె తేల్చుకోలేకపోయింది. ఇంటికి వెళ్ళే దారిలో, షారోన్‌కు బాధ్యత లేదని ఆమె తీర్మానించుకుంది. చిన్నపిల్ల, ముందూ వెనకా చూసుకోదు, జోసెఫిన్ ఎంత సున్నితమో తెలియదు. ఇవన్నీ నిజాలే. అసూయ తన పేరు చెప్పుకుని ఎవరింటికీ రాదు; ఎప్పుడూ ఎవరి క్షేమమో కనుక్కోవడానికి వచ్చినట్టే వస్తుంది. కామేశ్వరికి ఆ సంగతి తెలుసు. తెలిసినా లోపలికి రానిచ్చింది.

ఆ మరుసటి వారం సినిమాను షారోన్ ఎంచింది. ఫొటో స్టూడియో కథ. "మా ఆఫీసులో అందరూ ఇదే చెప్తున్నారక్కా" అందట. అయితే జోసెఫిన్ ఫోన్ చేసి, "శనివారం సినిమా కాబట్టి వంశీని ఒకసారి అడుగు" అంది. కామేశ్వరి ఆ మాటను నాలుక మీద కాసేపు ఉంచుకుంది. శనివారం ఇంకా తనదే.

శుక్రవారం ఉదయం ఆమె ట్యాబు ముందు కూర్చుంది. అందులో ఏదో ఒక లోపం దొరుకుతుందని ఆశ ఉంది. చిన్న పట్నంలో ఒక స్టూడియో. ఒక ఆడమనిషి పాస్‌పోర్టు ఫొటోకు వస్తుంది. కొన్నాళ్ళకు మళ్ళీ వస్తుంది, వేరే పేరుతో, వేరే బొట్టుతో. మూడోసారి వచ్చినప్పుడు ఫొటోగ్రాఫరుకు అర్థమవుతుంది, ఆమె తనను గుర్తుపట్టమని అడుగుతోందని. ఎందుకో, ఎవరి భయంతోనో తెలియదు. స్టూడియోలో గోడకు ఒక అద్దం, దాని కింద ఒక దువ్వెన, ఒక పౌడరు డబ్బా. అంతకుమించి ఏమీ లేదు. దాన్నే రెండు గంటలసేపు చూడలేక, చూడకుండా ఉండలేక చూసేలా తీశారు. ముగిసేసరికి కామేశ్వరి పొయ్యి మీద పెట్టిన పప్పు సంగతి మరిచిపోయి ఉంది.

దెయ్యం లేదు. రక్తం కూడా దాదాపు లేదు. జోసెఫిన్ కోసమే తీసినట్టున్న సినిమా. ఇన్నేళ్ళ వెతుకులాటలో తనకు ఇలాంటిది ఒక్కటీ దొరకలేదు. షారోన్‌కు ఎవరో నోటిమాటగా చెబితే దొరికింది.

మధ్యాహ్నం భోజన విరామంలో జోసెఫిన్ ఫోన్ చేసింది.

"ఏమన్నాడే వంశీ?"

పర్లేదన్న మాట కామేశ్వరి పెదవుల దాకా వచ్చింది. ఈలోగా జోసెఫిన్ ఆగకుండా చెప్పుకుపోతోంది. "ఈ పిల్ల కాలు నిలవట్లేదంటే నమ్ము. దివాను ఇరుకుగా ఉందంట, రేపు పైనుంచి పరుపు తెచ్చి కింద వేస్తానంటోంది. ముగ్గురం పడుకుని చూద్దామంట. పిచ్చిది."

"ఉంది" అంది కామేశ్వరి.

"ఏంటి ఉంది?"

"దెయ్యం ఉందంట జోసీ."

అప్పటికింకా వెనక్కి తిరగడానికి చోటుంది. కామేశ్వరి ముందుకే వెళ్ళింది. "ఇంటర్వెల్ అయ్యాక. స్టూడియోలో అద్దం ఉంటదంట. దువ్వుకుంటుంటే వెనకాల ఒకావిడ నిలబడుంటదంట."

"ఏం చేస్తది?"

"ఏమీ చెయ్యదంట. ఊరికే చూస్తదంట."

"ఇంక చాలు, చెప్పకు" అంది జోసెఫిన్. గొంతు మారిపోయింది. "పోన్లే. వద్దని చెప్పేస్తాను."

ఫోన్ పెట్టేశాక కామేశ్వరి చేతులు కడుక్కుంది, అంట్లేమీ తోమకపోయినా. లేని దెయ్యాన్ని అంత సులువుగా ఎలా పుట్టించగలిగిందో ఆమెకే వింతగా ఉంది. సినిమాలో చోటు కూడా ముందే ఖాళీగా ఉన్నట్టు, సరిగ్గా అద్దంలోకి వెళ్ళి నిలబడింది ఆవిడ.

గంట తిరక్కుండా ఫోన్ మళ్ళీ మోగింది.

"చూస్తున్నామే" అంది జోసెఫిన్. ఆఫీసు ఫ్యాను చప్పుడు మధ్య ఆమె గొంతులో ఒక ఉత్సాహం. "షారోన్ ఒకటే పట్టు. ఒక్క సీనేగా అక్కా, కళ్ళు నేను మూస్తానంటోంది. సరే అన్నాను. ఎన్నాళ్ళు పారిపోను? కానీ నువ్వు పక్కనుండాలి. ఎప్పుడొస్తదో వంశీ చెప్పాడు కదా. నువ్వు ముందే చెప్పెయ్, నేను కళ్ళు మూసుకుంటాను."

తన కోసం ఏనాడూ దాటని గీతను జోసెఫిన్ షారోన్ కోసం దాటుతోంది. ముందుగా కామేశ్వరికి తట్టింది అదే. రెండో ఆలోచన తరవాత నింపాదిగా వచ్చింది: రేపు సినిమా పూర్తయ్యేసరికి అద్దంలో ఎవరూ కనబడరు. ఆమె మాట మీద ఇక ఎవరూ రిమోటు నొక్కరు.

ఇప్పుడే ఫోన్ చేసి, వంశీ పొరబడ్డాడు, దెయ్యం లేదట అని చెప్పవచ్చు. ఒక్క నిమిషం పని. సాయంత్రం దాకా ఆమె ఫోన్‌ను చాలాసార్లు చేతిలోకి తీసుకుంది. తీసుకున్న ప్రతిసారీ కింద పరిచిన పరుపు, దాని మీద ఏ బెంగా లేకుండా నవ్వుతున్న ఇద్దరు కళ్ళముందు కనబడ్డారు. ఫోన్ కింద పెట్టేసింది. ఆ ఇద్దరికీ నిర్మలమైన రెండు గంటలు ఇవ్వడానికి ఆమెకు చెయ్యి రాలేదు.

అన్నం వడ్డిస్తూ భర్తను అడిగింది. "ఏవండీ, ఒకదాంట్లో ఏదో ఉందని చెప్పి, తీరా చూస్తే అది లేదనుకోండి. తప్పా?"

శ్రీనివాసరావు ముద్ద ఆపలేదు. "ఏది లేదు?"

"చెడ్డది. చెడ్డది ఉందని చెప్పి, లేకపోతే."

"మంచిదేగా. లేదని చెప్పి ఉంటే కదా జనం దుకాణం మీదికొచ్చేది. ఉందన్నావ్, లేదు. ఎవడైనా సంతోషిస్తాడు. ఆ పులుసు ఇటు పంపు."

ఆమె పులుసు గిన్నె జరిపింది. అతని లెక్క ఎక్కడా తప్పు కాదు. దానిలో ఆమె మాత్రం లేదు.

శనివారం మధ్యాహ్నం దివానును గోడకు నెట్టేశారు. నేల మీద పరుపు వేసి ఉంది, పైన షారోన్ పూల దుప్పటి. జోసెఫిన్ మధ్యలో కూర్చుంది. షారోన్ ఎడమవైపు, కామేశ్వరి కుడివైపు. గాలికి కిటికీ మీది దుప్పటి ఉబ్బి తగ్గుతోంది. ఈ రోజు రిమోటు షారోన్ చేతిలో ఉంది. పర్లేదన్న మాట ఎవరూ అడగలేదు.

మొదటి సగం బాగానే గడిచింది. ఆ ఆడమనిషి రెండోసారి వచ్చినప్పుడు షారోన్ "ఈవిడే! అదే ఈవిడే!" అని లేచి కూర్చుంది. "నోర్ముయ్, కనబడుతోందిగా" అని జోసెఫిన్ ఆమెను లాగింది. కామేశ్వరి నవ్వలేక నవ్వింది.

సగం దాటిందని తెలియగానే జోసెఫిన్ మారిపోయింది. తెర మీద అద్దం కనబడ్డ ప్రతిసారీ రెండు అరచేతులూ మొహానికి అడ్డం పెట్టుకుంది.

"ఇప్పుడా?"

"కాదు."

కాసేపటికి మళ్ళీ: "ఇప్పుడొస్తదా?"

"ఇంకా కాదు."

ఆ సినిమాలో అద్దం పదేపదే వస్తుంది. అది ఎంత గొప్ప సినిమానో తెలియాలంటే ఆ అద్దాన్ని చూడాలి. వచ్చినామె కళ్ళు ఫొటోగ్రాఫరుకు అందులోనే దొరుకుతాయి. జోసెఫిన్ ఒక్కసారీ చూడలేదు. షారోన్ తెరను చూస్తోంది. కామేశ్వరి జోసెఫిన్‌ను చూసింది. వేళ్ళ వెనక ఆమె పెదవులు కదులుతున్నాయి. సమాధుల దగ్గర కొవ్వొత్తి నిలబెట్టేటప్పుడు కదిలినట్టే, మెల్లగా, ఆగకుండా.

తెర మీద ఫొటోగ్రాఫరు దువ్వెన అందుకున్నాడు.

"కామూ" అంది జోసెఫిన్ కళ్ళు తెరవకుండా. షారోన్‌కు వినబడనంత చిన్నగా అడిగింది. "ఆవిడ ముసలావిడా?"

కామేశ్వరికి ముందు అర్థం కాలేదు. తరవాత అర్థమైంది. ఒక మాట అనేసి తాను ఖాళీ అద్దంలో నిలబెట్టిన ఆడమనిషికి మొహం లేదు. ఆ మొహాన్ని జోసెఫిన్ నిన్నటినుంచి తన ఇంట్లో పోయినవాళ్ళ దగ్గర్నుంచే తెచ్చి పెట్టుకుంటోంది.

"జోసీ, కళ్ళు తెరువు. ఎవరూ రారు."

"వంశీ చెప్పాడుగా..."

"వంశీని అడగలేదు. నేనే చూశాను. ఇందులో దెయ్యం లేదు."

షారోన్ సినిమా ఆపింది. తెర మీద అద్దం నిలిచిపోయింది. అందులో ఒక గోడ, ఒక కుర్చీ వీపు, అంతే. జోసెఫిన్ చేతులు దించి దాన్ని చాలాసేపు చూసింది. తరవాత కామేశ్వరి వైపు తిరిగింది.

"ఎప్పుడు చూశావ్?"

"నిన్న పొద్దున్న."

"మొత్తమా?"

"మొత్తం."

జోసెఫిన్ ఏదో కూడుకుంటున్నట్టు కనుబొమలు ముడిచింది. "ఇదొక్కటేనా?"

ఇక్కడ కూడా తప్పుకోవడానికి దారి ఉంది. కామేశ్వరి తీసుకోలేదు. "అన్నీ."

"అన్నీ అంటే?" షారోన్ మధ్యలోకి వచ్చింది. "ఇన్నేళ్ళ శనివారాలూ ముందే చూసొచ్చి, ఏం తెలీనట్టు కూర్చున్నారా? ఆంటీ, మీరు మామూలోళ్ళు కాదండీ బాబూ."

"అయితే భయపడింది నేనొక్కదాన్నేనన్నమాట" అంది జోసెఫిన్.

ఆ మాటలో కోపం లేదు. ఇంటికొచ్చాక సంచిలో ఒక వస్తువు తగ్గిందని చూసుకున్న మనిషి గొంతు అది. కామేశ్వరికి ఎన్నో జవాబులు తట్టాయి. అన్నీ నిజమే, అన్నీ తనకు పనికొచ్చేవే. అందుకే ఒక్కటీ చెప్పలేదు.

"సరే, దెయ్యముందేమోనని నాకోసం చూశావు. ఒప్పుకుంటాను" అంది జోసెఫిన్. "లేని దెయ్యాన్ని ఎందుకు పెట్టావే?"

గదిలో బిగువు చూసి షారోన్ నవ్వు తెప్పించబోయింది. "ఇంకెందుకక్కా, నా మీద కుళ్ళు."

"అవును" అంది కామేశ్వరి.

షారోన్ నవ్వు సగంలో ఆగింది. ఆమె పూల దుప్పటి అంచును వేలికి చుట్టుకుంటూ కూర్చుంది. బయట సందులో స్కూటీ ఒకటి హారను కొట్టుకుంటూ పోయింది.

"చివరేంటో నీకు తెలుసు కదా" అంది జోసెఫిన్ చివరికి. "మాకు తెలీదు. బయట కూర్చో. అయ్యాక పిలుస్తాను."

కామేశ్వరి లేచి, చీర సర్దుకుని, వీధి అరుగు మీదికి వచ్చింది. వెనకాల తలుపు దగ్గరగా పడింది. ఎదురింటి డాబా మీద ఎండబెట్టిన చేపల వాసన, అటునుంచి గోదావరి గాలి. ఆమె మెట్టు మీద కూర్చుంది. ఇంటికి వెళ్ళిపోవచ్చు, ఎవరూ ఆపలేదు. జోసెఫిన్ కూర్చోమంది కాబట్టి కూర్చుంది.

తలుపు సందులోంచి సినిమా చప్పుళ్ళు వస్తున్నాయి. ఏ చోట ఉన్నారో ఆమె ఊహించుకుంటోంది. ఇప్పుడు ఫొటోగ్రాఫరు స్టూడియో షట్టరు సగం దించుతాడు. ఇప్పుడు ఆమె రోడ్డు దాటుతుంది. ఇంతలో ఒక రాపిడి, ఇనుము మీద గోరుతో గీసినట్టు, సన్నగా మొదలై ఆగకుండా పెరిగింది. కామేశ్వరి ఉలిక్కిపడి లేచి నిలబడింది. నిన్న ఈ చప్పుడు లేదు. నిన్న ఏ చప్పుడూ లేదు. ఆమె గోడకు ఆనుకుని, ఏం జరుగుతోందో తెలిసీ, గుండె చేత్తో పట్టుకుంది. లోపల రెండు గొంతులు ఒక్కసారే అరిచాయి. ఆ రెంటిలో జోసెఫిన్ గొంతు ఆమెకు ఎక్కడున్నా తెలుస్తుంది. రెండోది దాన్ని పెనవేసుకుని ఉంది. ఒంట్లో ఏదో మండింది. అవునని ఒప్పుకున్నంత మాత్రాన అది ఆరిపోతుందని ఆమె ఎక్కడ చదివిందో, ఎందుకు నమ్మిందో.

తరవాత సంగీతం. తరవాత దుప్పట్లు విప్పుతున్న అలికిడి.

జోసెఫిన్ బయటికి వచ్చింది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. మెట్టుకు అవతలి చివర కూర్చుంది.

"బాగుంది" అంది వీధి వైపు చూస్తూ. "నువ్వు తెచ్చినవాటిల్లో ఇంత బాగున్నది ఒక్కటీ లేదు."

"నాకూ అలాగే అనిపించింది."

"అందుకేనా?"

"అందుక్కూడా."

జోసెఫిన్ తల ఊపింది. క్షమించినట్టు కాదు, విన్నట్టు. "వచ్చేవారం నుంచి నువ్వు చూడకు. షారోన్ చూసి చెప్తది. నువ్వు ఏమీ తెలీకుండా నా పక్కన కూర్చో, చూద్దాం."

లోపల పరుపు మడుస్తున్న షారోన్‌కు ఆ మాట వినబడింది. "ఏంటి, నేనా? ఒక్కదాన్నీ కూర్చునా? నా వల్ల కాదక్కా! మీరు పక్కన లేకుండా ఆ షట్టరు సీను చూసుంటే గుండాగి పోయేదాన్ని. కావాలంటే వంశీగారినే అడగండి, ఎవరో ఆయన."

బయటికి వచ్చాక జోసెఫిన్ మొదటిసారి కామేశ్వరి వైపు సూటిగా చూసింది.

"మరి నువ్వెలా చూశావే, ఒక్కదానివీ?"

"సౌండు తీసేసి."

"ఏంటీ?"

"సౌండు తీసేసి చూసేదాన్ని. కింద అక్షరాలొస్తాయి కదా, చదువుకుంటా. ఇంట్లో ఎవరూ ఉండరు. చప్పుడుంటే భయమేసేది."

ఎన్నో శనివారాలు జోసెఫిన్ కళ్ళముందు వెనక్కి తిరుగుతున్నట్టుంది. "అయితే ఆ చప్పుళ్ళన్నీ..."

"నీ పక్కనే విన్నాను."

ఎవరి చెయ్యి వాళ్ళ ఒళ్ళోనే ఉంది.

లోపలినుంచి షారోన్ పిలిచింది. "అక్కా, పరుపు పైకెక్కించాలి, ఒక చెయ్యి వెయ్యండి."

జోసెఫిన్ లేవలేదు.

షారోన్ రెండోసారి పిలిచింది. జోసెఫిన్ "వస్తున్నాలే" అంది, కానీ అప్పుడూ లేవలేదు. కామేశ్వరికి సంతోషం కలిగింది. అది మంచి సంతోషం కాదని ఆమెకు తెలుసు. అది ఏ జాతిదో, ఎక్కడ పుట్టిందో అంతా తెలిసే, కదలకుండా దానితోనే కూర్చుంది.